చీమల స్థానికత

కంపెనీవారు పొరపాటు చేశారని నేను అనను. అనకూడదు కూడా. వారితో వ్యాపారం మొదలుపెట్టిన రోజున ఒప్పుకున్న షరతుల్లో అదీ ఒకటి ఉందట. అందరిలాగే నేనూ చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అన్నచోట వేలు పెట్టాను. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. తప్పెవరిదో మీరు తేల్చే శ్రమ అక్కర్లేదు. చీమలదని వారు ఇప్పటికే తేల్చేశారు.

నా పేరు సూరిశెట్టి నూకరాజు. అనకాపల్లికి దగ్గర్లో మాకు కొంచెం చెరకు, ఒక గానుగ, బెల్లం వండే పెనం ఉన్నాయి. వండేది నేనే గానీ, పాకం ఎప్పుడు దించాలో చెప్పేది మా ఆవిడ వరహాలమ్మ. మా బెల్లం నల్లగా ఉంటుంది. రసం మరిగేటప్పుడు చాలామంది వేసే రంగు తేల్చే మందు మేం వెయ్యం. వేస్తే దిమ్మ నిమ్మపండులా మెరుస్తుంది, మార్కెట్ యార్డులో దళారులు ఎగబడతారు. నల్లదిమ్మను చూస్తే మాత్రం ముక్కు చిట్లించి, "పశువుల దాణాకేటి?" అని అడుగుతారు.

"ఆ మందు నా పెనంలో పడిందంటే నాను పుట్టింటికెలిపోతాను" అని వరహాలమ్మ పెళ్ళైన కొత్తలోనే చెప్పేసింది. ఆవిడ పుట్టిల్లు మా వెనక వీధే. దూరం సంగతి అటుంచండి, ఆవిడ అన్నమాట వెనక్కి తీసుకోవడం నేనింతవరకు చూడలేదు.

ఇలా యార్డుకీ పెళ్ళానికీ మధ్య నలుగుతున్న రోజుల్లో 'మహాసంత' దొరికింది. ఫోనులో అంగడి. మనం దిమ్మ బొమ్మ పెడితే ఎక్కడెక్కడివాళ్ళో చూసి కొంటారు, కొరియరు కుర్రాడు ఇంటికొచ్చి పార్సిలు పట్టుకెళతాడు. నల్లబెల్లమే కావాలని అడిగేవాళ్ళు ఈ లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. కొన్నవాళ్ళు నక్షత్రాలు ఇస్తారు. ఐదు ఇస్తే మెచ్చుకున్నట్టు, ఒకటి ఇస్తే తిట్టినట్టు. మాకు అన్నీ ఐదులే. వరహాలమ్మ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, తర్వాత ఫోనులో నక్షత్రాలు చూసుకునేది.

ఒకరోజు హైదరాబాదు నుంచి సుచరిత అనే ఆవిడ ఇలా రాసింది: "బెల్లం రుచి అద్భుతం. మా అమ్మమ్మ చేతి అరిసెలు గుర్తొచ్చాయి. రాత్రి మూత పెట్టడం మరిచిపోయాను. తెల్లారేసరికి చీమలు పట్టాయి." దాని కింద ఒకే ఒక్క నక్షత్రం.

వరహాలమ్మకి చదివి వినిపించాను.

"బెల్లానికి సీమలు పట్టక పులులు పడతాయేటి?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు కంపెనీ నుంచి సందేశం వచ్చాక నేనొక్కణ్ణే నవ్వడం మానేశాను. ఆవిడ ఇంకో రోజు నవ్వింది. సందేశం సారాంశం ఏమిటంటే, మా సరుకు మీద 'జీవజాల చొరబాటు' కింద ఒక ఫిర్యాదు నమోదైంది. పురుగులు, బొద్దింకలు, బల్లులు ఉండే పద్దులోనే చీమనూ కూర్చోబెట్టారు. అలాంటివి మూడు వస్తే అంగడి శాశ్వతంగా మూసేస్తారు. అంగడి మూసేస్తే దిమ్మలు మళ్ళీ యార్డుకే వెళ్ళాలి. యార్డుకి వెళితే మందు వెయ్యాలి. మందు వేస్తే వరహాలమ్మ వెనక వీధికి వెళుతుంది. ఒక చీమ ఇంత దూరం నడిపిస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

హైదరాబాదులో ఉన్న కంపెనీ ఆఫీసుకి ఫోను చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక 'కొనుగోలుదారుల అనుభూతి పరిరక్షణాధికారి' లైన్లోకి వచ్చారు. పేరు కౌస్తుభ్. గొంతు చూస్తే మా అబ్బాయి వయసే ఉంటుంది, మాట చూస్తే తామ్రశాసనం.

"నమస్కారం నూకరాజు గారూ. ముందుగా, మీ ఆవేదనను మేము హృదయపూర్వకంగా నమోదు చేసుకున్నాము."

"మూత పెట్టలేదని ఆవిడే రాసింది కదండి. ఇందులో బెల్లం తప్పేటుందండి?"

"తప్పొప్పులు మా విభాగం చూడదండీ. మాది అనుభూతి విభాగం. చీమను చూడగానే కొనుగోలుదారుకు ఖేదం కలిగింది. ఖేదానికి మూలం చీమ. చీమకు మూలం బెల్లం. బెల్లానికి మూలం మీరు."

మా పురోహితుడు కూడా సంకల్పంలో నన్ను ఇంత సూటిగా చేరుకోలేదు.

"అవి ఆరింట్లో సీమలండి. మా సీమలు కావండి" అన్నాను.

"ఆ మాట మీ నోట వస్తే ఏకపక్షం అవుతుంది. సదరు చీమలు పార్సిలులో మీ ప్రాంతం నుంచి ప్రయాణించలేదని సమర్థ అధికారి ద్వారా మూలస్థాన ధ్రువీకరణ సమర్పించండి. సానుకూలంగా పరిశీలిస్తాము. ఈ సంభాషణ మీకు ఎలాంటి అనుభూతినిచ్చిందో దయచేసి నక్షత్రాల్లో తెలపండి."

ఐదు ఇచ్చాను. ఇవ్వక ఏంచేస్తాను?

సమర్థ అధికారి అంటే నాకు తెలిసింది తహశీల్దారు ఒక్కరే. ఆఫీసుకి వెళ్ళి, ధ్రువపత్రాలు చూసే గుమాస్తా గవర్రాజు గారి ముందు నిలబడ్డాను. విషయం చెబితే నవ్వి తరిమేస్తారనుకున్నాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"మీసేవలో పెట్టేరా?"

"సీమలకి అందులో గడి లేదండి."

"ఇతరములు అని ఉంటాదయ్యా. సూసుకోవాల." కాగితం ముందుకు లాక్కున్నారు. "సరే, ఏ మండలంలో పుట్టినాయి?"

"అదే తెలీకండి వచ్చింది."

"ఏడేళ్ళుగా ఒక్క మండలంలోనే కాపురం ఉన్నట్టు రుజువుండాల. ఉందా?"

"సీమలు ఏడేళ్ళు బతకవండి."

"అయితే చదువు సూడాల. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివితే అక్కడ లోకలు."

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం ఎక్కడా లేదు. ఆయనకు చీమలతో పేచీ లేదు, మనుషుల మీద ప్రత్యేకమైన మమకారమూ లేదు. రూలు ముందు రెండూ ఒకటే. అలాంటివారిని చూస్తే నాకు గౌరవమే. చివరికి నాలుగుసార్లు తిప్పించుకుని, గుండ్రటి ముద్రవేసి ఒక కాగితం ఇచ్చారు: "సదరు చీమలు ఈ మండల వాస్తవ్యములు అవునని గానీ, కావని గానీ ధ్రువీకరించుటకు ఈ కార్యాలయమునందు రికార్డు లభ్యము కాదని తెలియజేయడమైనది." పరిశీలన నిమిత్తం ఒక దిమ్మ ఆఫీసులో ఉంచమంటే ఉంచాను. తర్వాత అడిగితే చీమలు తినేశాయన్నారు. బీరువాలో తాళం వేసిన దిమ్మ, కాగితంతో సహా.

ధ్రువపత్రం కంపెనీకి పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "చీమలు మీవి కావని అధికారులు ధ్రువీకరించనందున, మీవేనని భావించడమైనది."

ఇంతలో రెండో దెబ్బ తగిలింది. ఇది ప్రేమగా తగిలింది. విజయనగరంలో దమయంతి టీచరు గారని, రిటైరైన తెలుగు పంతులమ్మ, మా దగ్గర మొదటినుంచీ కొంటున్నారు. ఆవిడ ఐదు నక్షత్రాలిచ్చి ఇలా రాశారు: "ఎంతటి అసలైన బెల్లమంటే, విప్పీ విప్పకముందే చీమలు గోడ దిగి బారులు తీరాయి. వాటికొక ముక్క పెట్టి, మిగతాది నీళ్ళపళ్ళెంలో దాచుకున్నాను. చల్లగా ఉండండి నాయనా!"

కంపెనీలో ఇవన్నీ చదివేది మనుషులు కాదు, ఒక యంత్రం. దానికి 'చీమ' కనబడింది. రెండో ఫిర్యాదు నమోదు చేసింది.

"ఐదు నక్షత్రాలండి! ఆవిడ మెచ్చుకుందండి!" అని కౌస్తుభ్‌తో మొత్తుకున్నాను.

"ఆవిడ సహనశీలి, నూకరాజు గారూ. బాధను చిరునవ్వుతో భరించేవారి పక్షాన కూడా మా యంత్రం నిలబడుతుంది. అదే మా సంస్థ విశిష్టత."

టీచరు గారికి ఫోను చేసి, ఆ చీమల్ని కాస్త తీసేయమని బతిమాలాను.

"తీసేయడానికి అవి నీ బెల్లం మీద లేవు, నా వాక్యంలో ఉన్నాయి" అన్నారావిడ. "జీవితమంతా పిల్లలకి అబద్ధం రాయొద్దని చెప్పినదాన్ని. చూసిన చీమల్ని చూడలేదని రాయనా? నువ్వుండు, ఆ కంపెనీవాళ్ళకి నేను బోధపరుస్తాను."

"వద్దమ్మా, మీ కాళ్ళకి దణ్ణమెడతాను" అన్నాను. అప్పటికే ఫోను పెట్టేశారు. ఆ సాయంత్రం ఆవిడ మహాసంతలో మా బెల్లం కిందే చీమను పొగుడుతూ పెద్ద వ్యాసం రాశారు. చీమ క్రమశిక్షణ, చీమ వివేకం, కల్తీని కనిపెట్టే చీమ నేర్పు. వాక్యానికొక చీమ. నిజం చెప్పొద్దూ, చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. యంత్రం కూడా దయగలదే. వ్యాసమంతా కలిపి ఒక్క ఫిర్యాదుగానే లెక్కేసింది. మూడోది.

తుది విచారణకు విశాఖపట్నం రమ్మన్నారు. సముద్రం ఎదురుగా పెద్ద హోటలు. విచారణ అంటే గదిలో నన్ను కూర్చోబెట్టి అడుగుతారనుకున్నాను. అక్కడ సభ జరుగుతోంది. వేదిక మీద 'పిపీలికా విముక్త వాణిజ్యం దిశగా' అని బట్ట కట్టారు. చీమల ఫిర్యాదులు ఈ మధ్య బాగా పెరిగాయట. యంత్రానికి ఆ మాట నేర్పిన తర్వాతే పెరిగాయని ఎవరూ అనలేదు. అందుకని కంపెనీవారు చీమ ముట్టని బెల్లానికి బంగారు ముద్ర ఇవ్వాలని నిశ్చయించారు. ముద్ర లేని బెల్లం ఇక మహాసంతలో ఉండదు. నేనూ వరహాలమ్మా వెనక వరసలో కూర్చున్నాం.

కౌస్తుభ్ వేదికెక్కాడు. బక్కపలచని మనిషి, మెడలో గుర్తింపు కార్డు.

"మిత్రులారా, పారదర్శకతే మా ఊపిరి. ఈ పరీక్ష కోసం ఏ విక్రేతతోనూ బంధుత్వం లేని తటస్థ చీమలను ప్రత్యేక సంస్థ ద్వారా తెప్పించాము."

తటస్థ చీమలు గాజుపెట్టెలో వచ్చాయి. వచ్చిన విక్రేతలం తలా ఒక దిమ్మ ఇచ్చాం, ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టారు. మొదట 'స్వర్ణఖండం' వారిది. పెద్ద సంస్థ, పసుపుపచ్చగా మెరిసిపోయే దిమ్మ. చీమలు దాని దాకా వెళ్ళాయి, మీసాలు ఆడించాయి, వెనక్కి తిరిగి వచ్చేశాయి. హాలంతా చప్పట్లు.

"చూశారా! చీమ సైతం గౌరవించి దూరం పాటించిన నాణ్యత!" అన్నాడు కౌస్తుభ్.

తర్వాత మాది పెట్టారు. ఆ తర్వాత మా దిమ్మ కనబడలేదు, చీమలే కనబడ్డాయి. స్వర్ణఖండం దగ్గర ఇంకా తచ్చాడుతున్న ఒకటో రెండో కూడా ఇటు వచ్చేశాయి. అవి తటస్థంగా ఉన్నది అంతవరకే. జనం అయ్యో అన్నారు. నాకు మాత్రం, దాచడమెందుకు, ఛాతీ పొంగింది.

వరహాలమ్మ లేచి నిలబడింది. "బాబూ, ఓ మాటడగొచ్చా?"

"ప్రశ్నల సమయం ముగిసింది. అయినా మహిళా విక్రేతలను ప్రోత్సహించడం మా విధానం. అడగండమ్మా."

"సీమ ముట్టందాన్ని మనిసెలాగ తింటాడు బాబూ?"

కౌస్తుభ్ చేతిలో కాగితాలు తిరగేశాడు.

"మంచి ప్రశ్న. అయితే చీమ మా కొనుగోలుదారు కాదమ్మా. దాని అభిరుచులు మా పరిధిలోకి రావు."

ఆ జవాబుకీ చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చేసరికి ఫోనులో మా అంగడి మూతపడి ఉంది. కింద, విచారణ మీకు ఎలాంటి అనుభూతినిచ్చిందో చెప్పమని ఐదు ఖాళీ నక్షత్రాలున్నాయి.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. కొట్టిన చెరకు ఆగదు. కంపెనీవారి పునఃపరిశీలన కోసం, సర్కారు ముద్రల కోసం అది ఎదురుచూడదు. ఎండిపోతుంది, పులిసిపోతుంది. విశాఖ వెళ్ళేముందే మేం చెరకు కొట్టించి ఉన్నాం, అంగడి ఉంటుందన్న ధీమాతో. తిరిగి వస్తూ దారిలో దిగి, వరహాలమ్మ చూడకుండా రంగు తేల్చే మందు పొట్లం కొన్నాను.

మర్నాడు పెనంలో రసం మరుగుతోంది. మడ్డి తేలింది, తీశాను. పొట్లం చేతిలోకి తీసుకున్నాను. వెనకనుంచి వరహాలమ్మ గొంతు వినిపించింది.

"ఏటది?"

"తెలుసు కదా. ఏటి సెయ్యమంటావు మరి? దిమ్మలు నెత్తినెట్టుకుని ఊరేగమంటావా?"

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. లోపలికి వెళ్ళింది. సంచి విదిలించిన చప్పుడు, పెట్టె తెరిచిన చప్పుడు వినిపించాయి. గుమ్మంలోంచి చూస్తే రెండు చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది. రసం పొంగుతోంది. పొట్లం మూతి విప్పాను.

అప్పుడు ఫోను మోగింది.

"నూకరాజు గారూ, నేనండీ, కౌస్తుభ్‌ని. ఆఫీసు నుంచి కాదు. మా మేడ మీద నుంచి మాట్లాడుతున్నాను."

గొంతులో తామ్రశాసనం లేదు. మామూలు మనిషి గొంతు.

"చెప్పండి సార్."

"మా పాపకి ఈ శుక్రవారం అన్నప్రాశన. పరమాన్నానికి మీ దిమ్మ ఒకటి పంపుతారా? యాప్‌లో ఎలాగూ మూసేశాం కదా, నేరుగా..."

"మీరు బంగారు ముద్ర వేసిన స్వర్ణఖండం ఉంది కదండి?"

"తెచ్చానండీ. మా ఆవిడ దాన్ని మూత తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. రాత్రంతా కాపలా కాసింది. ఒక్క చీమ రాలేదు. చీమ ముట్టనిది నా కూతురి నోట్లో పెడతావా అని నన్ను అడుగుతోంది."

"చీమల అభిరుచి మీ పరిధిలోకి రాదు కదండి?"

"మా ఆవిడ పరిధిలోకి వస్తుందటండీ."

ఫోను పెద్దగా మాట్లాడేలా పెట్టి గుమ్మం వైపు తిప్పి, మొదటినుంచి మళ్ళీ చెప్పమన్నాను. వరహాలమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. మొత్తం విన్నది. ముందుకొచ్చి నా చేతిలో పొట్లం లాక్కుని, పెరట్లో గొయ్యి తీసి పాతేసింది. తర్వాత వచ్చి పెనంలోకి చూసి, "మంట తగ్గించు, మాడిపోగల్దు" అంది. చీరలు ఎప్పుడు తిరిగి పెట్టెలోకి వెళ్ళాయో నేను చూడలేదు.

దిమ్మ పంపాం. అందిన రోజు కౌస్తుభ్ ఫోను చేశాడు. "విప్పి గంట కాలేదండీ, చీమలు పట్టేశాయి!" అన్నాడు, పరీక్ష పాసైన కుర్రాడిలా.

"ఒక్క నచ్చత్రమేనేటి బాబూ?" అని అడిగింది వరహాలమ్మ. వాళ్ళావిడ మరో రెండు దిమ్మలు పంపమందని చెప్పాడు.

ఆ పరమాన్నం తిన్నవాళ్ళలో ఆయన ఆఫీసువాళ్ళూ ఉన్నారట. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. అనుభూతి విభాగం అయ్యింది, నాణ్యతా విభాగం అయ్యింది, యంత్రానికి 'చీమ' అన్న మాట నేర్పిన అమ్మాయి కూడా అడిగింది. అందరిదీ ఒకటే షరతు. పార్సిలు మీద మా పేరు ఉండకూడదు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కనక ఆఫీసుకే పంపాలి. అలాగే పంపాం. కొట్టిన చెరకంతా వండాం, వండిన బెల్లమంతా వెళ్ళిపోయింది. పైన ఏమీ రాయలేదు. లోపల ఏముందో ఆ ఆఫీసులో అందరికన్నా ముందు చీమలకే తెలిసేది.

మొన్న మళ్ళీ కౌస్తుభ్ ఫోను. ఈసారి మేడ మీద నుంచి కూడా కాదు, మెట్ల కింద నుంచి, గుసగుసగా.

"నూకరాజు గారూ, మా ఆఫీసులో చీమలండీ. బీరువాల్లో, సొరుగుల్లో, బంగారు ముద్రలు పెట్టే పెట్టెలో కూడా. పైవాళ్ళు విచారణ వేశారు. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో నన్నే తేల్చమన్నారు. మీరప్పుడు ఒక కాగితం పంపారు చూడండి, గుండ్రటి ముద్రతో... అలాంటిది, ఈ చీమలు హైదరాబాదువేనని, ఎక్కడైనా ఇస్తారా?"

నాకు జాలేసింది. ఒకప్పుడు నేనున్న చోటే ఇప్పుడు ఆయనున్నాడు.

"ఇత్తారు సార్. కాకపోతే ఏడేళ్ళుగా అవి మీ ఆఫీసులోనే కాపురం ఉంటున్నట్టు రుజువుండాల. లేదంటే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా అక్కడే చదివినట్టు కాగితం సూపించాల."

అవతల కాగితం మీద కలం చప్పుడు వినిపించింది. రాసుకుంటున్నాడని అర్థమైంది.

"చదువు తప్పనిసరా అండీ?" అని అడిగాడు.